గాలిలో వచ్చే బొమ్మకి బలమెంత?

రండర్రా, ఇలా అరుగు మీదికొచ్చి కూర్చోండి. డ్రోను బొమ్మ చూసే ఆ గాగుల్స్ కూడా తెండి, బ్యాటరీ మాత్రం తీసేసి తెండి. పొద్దున్నుంచీ చూస్తున్నాను, అరచేతిలో పట్టేంత డ్రోనుతో డాబా మీద ఒకటే హడావుడి. ఎదురుగా ఎగిరినంతసేపూ బొమ్మ చక్కగా వస్తోంది. పక్కింటి వెనక్కి వెళ్లిందో లేదో, తెర నిండా చుక్కలు. "తాతయ్యా, రిసీవర్ పాడైపోయింది" అని చిన్నాడి ఫిర్యాదు. "కాదు, యాంటెన్నా పోయింది" అని అమ్మడి తీర్పు. ఇద్దరికీ ఒకటే మాట. ఏది పాడైందో తేల్చుకునే ముందు అసలు మనదాకా ఎంత వస్తోందో కొలవాలి. ఆ కొలిచే ఏర్పాటు మీ రిసీవర్లోనే ఉంది, మీరే ఇంతవరకూ దాన్ని పలకరించలేదు.

ముందు డ్రోను సంగతి చూద్దాం. దాని ముక్కు దగ్గర బుల్లి కెమెరా ఉంది కదా. అది చూసిన దృశ్యాన్ని పక్కనే ఉన్న ట్రాన్స్‌మిటర్‌కి అందిస్తుంది. ట్రాన్స్‌మిటర్ ఆ దృశ్యాన్ని 5.8 గిగాహెర్ట్జ్ రేడియో అలల మీద ఎక్కించి గాలిలోకి వదులుతుంది. అంటే సెకనుకి 580 కోట్ల సార్లు ఊగే అల అన్నమాట. ఒక్కో అల పొడవు సుమారు 5.2 సెంటీమీటర్లు, మీ చూపుడువేలి కంటే పొట్టి. ఈ పొడవు గుర్తు పెట్టుకోండి, తర్వాత దీనితో పని పడుతుంది. ఇంతకీ ఆ ట్రాన్స్‌మిటర్ సత్తా ఎంతనుకున్నారు? చిన్న డ్రోన్లలో 25 మిల్లీవాట్లు. వరండాలో వెలుగుతున్న ఆ ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లది. దానిలో 360వ వంతు! అంత చిన్న శక్తి బొమ్మని మోసుకుంటూ చెట్టూ చేమా దాటి మీ కళ్ల దాకా వస్తోందంటే ముందు దాన్ని మెచ్చుకోవాలి, ఆ తర్వాతే తిట్టాలి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. చిన్నా, ఆ సుద్దముక్క ఇలా ఇవ్వు. డ్రోను మీకు 100 మీటర్ల దూరంలో ఉంది. దాని నుంచి బయల్దేరిన శక్తి ఒక్క మీ వైపే రాదు, అన్ని దిక్కులకీ పోతుంది. డ్రోను చుట్టూ 100 మీటర్ల వ్యాసార్ధంతో ఒక పెద్ద గోళం ఊహించుకోండి. ఆ 25 మిల్లీవాట్లూ ఆ గోళం ఉపరితలమంతా పరుచుకుంటాయి. దాని వైశాల్యం బళ్లో నేర్చుకున్న సూత్రంతో కడితే 1,25,000 చదరపు మీటర్ల పైచిలుకు. మనకి అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే 31 ఎకరాలు. అందులో మీ యాంటెన్నా పట్టుకునేది ఎంతో తెలుసా? రెండు మూడు చదరపు సెంటీమీటర్లు. బొటనవేలి గోరుకి కాస్త అటూ ఇటూగా. ముప్పై ఒక్క ఎకరాల మీద చల్లిన 25 మిల్లీవాట్లలో గోరంత మేర పడినదే మన వాటా. డ్రోను వదిలినదాంట్లో సుమారు 50 కోట్ల వంతుల్లో ఒక్క వంతు. దాన్ని పట్టుకుని మీ రిసీవర్ రంగుల బొమ్మ చూపిస్తోంది.

డ్రోను 200 మీటర్లకి వెళ్తే? గోళం 62 ఎకరాలవుతుందని అమ్మడు అనేస్తోంది. కాదమ్మా, వ్యాసార్ధం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లు. అంటే 124 ఎకరాలు. మన వాటా నాలుగో వంతుకి పడిపోతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ ఇదే వరస. అడ్డేమీ లేని చోట ప్రకృతి పెట్టిన పద్దు ఇది, ఏ కంపెనీ రిసీవర్ కొన్నా మారదు.

ఇలా కోట్ల వంతులు చెప్పుకుంటూ కూర్చుంటే సున్నాలు లెక్కపెట్టలేక చస్తాం. అందుకని టెలిఫోను ఇంజనీర్లు 1920ల్లో ఒక సుళువు పట్టారు. ఎన్ని రెట్లు తగ్గిందో చూసి, దాన్ని మెట్లుగా లెక్కపెట్టారు. పది రెట్లు తగ్గితే 10 డెసిబెల్స్, వంద రెట్లు తగ్గితే 20, వెయ్యి రెట్లు తగ్గితే 30. సగమైతే ఇంచుమించు 3, నాలుగో వంతైతే 6. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరే డెసిబెల్ అనే మాటలో ఉంది. ఒక మిల్లీవాట్‌ని సున్నా మెట్టు అనుకుని అక్కణ్ణుంచి పైకీ కిందికీ లెక్కపెడితే దాన్ని డీబీఎం అంటారు. మీ 25 మిల్లీవాట్లు 14 డీబీఎం. మామూలు యాంటెన్నాలతో ఒక మీటరు దూరంలో రిసీవర్‌కి అందేది మైనస్ 30. పది మీటర్లలో మైనస్ 50. వంద మీటర్లలో మైనస్ 70. కిలోమీటరులో మైనస్ 90. చూశారా అందం! ఒక మీటరు నుంచి కిలోమీటరు దాకా శక్తి పది లక్షల రెట్లు తగ్గింది, మన కాగితం మీద మాత్రం ఇరవై ఇరవై మెట్లు చొప్పున బుద్ధిగా దిగింది. ఇక కింది హద్దు కూడా ఉంది. వీడియో రిసీవర్ లాంటి వెడల్పు దారిలో, 20 మెగాహెర్ట్జ్ అనుకుంటే, వేడి వల్ల పుట్టే సహజమైన రొదే మైనస్ 101 డీబీఎం దాకా ఉంటుంది. రిసీవర్ సొంత రొద దానికి తోడవుతుంది. మన సిగ్నల్ ఆ రొదకి దగ్గర పడేకొద్దీ బొమ్మలో చుక్కలు మొదలవుతాయి.

ఈ సిగ్నల్ బలం చూసుకునే సరదా ఇవాళ్టిది కాదర్రా. మా నాన్నగారి వాల్వు రేడియోకి ముందు వైపు ఒక పచ్చ కన్ను ఉండేది. మ్యాజిక్ ఐ అనేవారు. అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 1935లో తెచ్చిన చిన్న గాజు వాల్వు అది. దాని ముఖం మీద పచ్చటి వెలుగు, ఆ వెలుగులో ఒక నల్లటి చీలిక. స్టేషను దగ్గరకి ముల్లు తిప్పుతుంటే ఆ చీలిక మెల్లిగా మూసుకునేది. బాగా మూసుకుంటే స్టేషను సరిగ్గా దొరికినట్టు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. సాయంత్రం దాన్ని పెట్టాలంటే నాన్నగారు పాట వినిపించేలోపే ఆ కన్ను వైపు చూసేవారు. వాల్వులు వేడెక్కి గొంతు పెగిలేదాకా మేమంతా ఆ పచ్చ చీలిక వైపే నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. సిగ్నల్ ఎక్కువైనప్పుడు రేడియో తన గొంతు తానే తగ్గించుకోవడానికి లోపల ఒక వోల్టేజి తయారుచేసుకుంటుంది. ఆ వోల్టేజినే కంటికి చూపించేది ఆ వాల్వు. మీ గాగుల్స్ మూలన కనిపించే గీతల మీటరుకి అది ముత్తాత.

అంతకంటే ముందు కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఉన్నారు. 1895లో కంటికి కనపడని రేడియో అలలతో, మధ్యలో గోడ అడ్డున్నా, దూరాన ఉన్న గంట మోగించి, మందుగుండు పేల్చి జనాన్ని నివ్వెరపరిచారు. ఆయన పని చేసిన అలలు మీ డ్రోను అల కంటే చిన్నవి, కొన్ని మిల్లీమీటర్ల పొడవున్నవి కూడా. సిగ్నల్ వచ్చిందా, ఎంత వచ్చిందీ అని ఆయన గాల్వనోమీటరు ముల్లు కదలిక చూసి తెలుసుకునేవారు. ముల్లు పోయి పచ్చ కన్ను వచ్చింది, పచ్చ కన్ను పోయి అంకెలు వచ్చాయి. అడిగే ప్రశ్న మాత్రం అదే, ఎంత వచ్చింది అని.

ఇంకో ముచ్చట చెప్పాలి, ఇది మన తెలుగు పల్లెలది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సైట్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ల ఏటీఎస్ 6 ఉపగ్రహం ద్వారా మన ఇస్రో వాళ్లు ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు తెలుగులోనూ వచ్చేవి. యాంటెన్నా దేనితో చేశారనుకున్నారు? కోళ్లగూటికి వేసే ఇనుప వలతో! పదడుగుల డిష్షు. ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, సిగ్నల్ 860 మెగాహెర్ట్జ్ మీద. మామూలు టీవీ టవర్లు బొమ్మని అల ఎత్తుపల్లాల్లో పంపేవి. ఈ ఉపగ్రహం మాత్రం అల ఊగే వేగాన్ని మార్చి, అంటే ఎఫ్‌ఎం పద్ధతిలో, బొమ్మ పంపింది. మీ డ్రోను చేస్తున్నదీ అచ్చంగా అదే ఎఫ్‌ఎం పద్ధతి. బలహీనమైన సిగ్నల్ నుంచి కూడా శుభ్రమైన బొమ్మ రాబట్టడానికి అది మంచి ఉపాయం.

సరే, ఇక రిసీవర్ మూత తీద్దాం. ఇదిగో, లోపల ఇనుప రేకు డబ్బాలా కనపడుతున్న చిన్న పలక. దీన్ని ఆర్‌ఎక్స్ 5808 అంటారు. ఈ సరదా ఉన్నవాళ్ల చేతుల్లో బాగా తిరిగిన మాడ్యూల్ ఇది. అంచున వరసగా పిన్నులు. ఒకదాని నుంచి బొమ్మ బయటికొస్తుంది, కొన్నింటితో ఛానెల్ మారుస్తాం. ఒక పిన్ను దగ్గర ఆర్‌ఎస్‌ఎస్‌ఐ అని ఉంటుంది. అందిన సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే పిన్ను అదే. సిగ్నల్ ఏమీ లేనప్పుడు దాని మీద అర వోల్టు చుట్టుపక్కల ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ దగ్గరగా ఉంటే 1.1 వోల్టులకి అటూ ఇటూ చేరుతుంది. కథంతా ఈ ఆరు వందల మిల్లీవోల్టుల మధ్యనే నడుస్తుంది.

ఆ వోల్టేజి ఎలా పుడుతుందో తెలిస్తే భలే సంతోషంగా ఉంటుంది. ఎఫ్‌ఎం రిసీవర్లో సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్లు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. ప్రతి ఒక్కటీ కొంత పెంచి పక్కదానికి అందిస్తుంది. ఒక్కోదానికీ ఒక పరిమితి, అది దాటితే అల తల తెగిపోతుంది. ఎఫ్‌ఎంలో బొమ్మ ఉన్నది అల ఎత్తులో కాదు కాబట్టి తల తెగినా బొమ్మకి నష్టం లేదు. మరి బలం సంగతో? ప్రతి ఆంప్లిఫయర్ దగ్గరా, తన వంతు ఎంత నిండిందో చూసి చెప్పే చిన్న ఏర్పాటు ఉంటుంది. సిగ్నల్ సన్నగా ఉంటే, అన్ని చేతులూ మారి పెరిగి వచ్చాక చివరిది మాత్రమే నిండుతుంది. బలం పెరిగితే దాని ముందుది, ఇంకా పెరిగితే ఆ ముందుది. వాటన్నిటి లెక్కా కూడితే వచ్చేదే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ వోల్టేజి. ఒక్కో ఆంప్లిఫయరూ సిగ్నల్‌ని ఇన్ని రెట్లని పెంచుతుంది కనక, సిగ్నల్ అన్ని రెట్లు పెరిగినప్పుడల్లా వోల్టేజి ఒక్కో సమానమైన మెట్టు ఎక్కుతుంది. అంటే ఇంజనీర్లు కాగితం మీద కట్టిన డెసిబెల్ లెక్కని ఆ చిప్ మాటా పలుకూ లేకుండా దానంతట అదే కట్టేస్తోంది!

కొలవడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. మన ఇంట్లో కరెంటు పని చేసేటప్పుడు వాడే పసుపు రంగు మల్టీమీటరు చాలు. నల్ల తీగ గ్రౌండు మీద, ఎర్ర తీగ ఆర్‌ఎస్‌ఎస్‌ఐ పిన్ను మీద. నాబ్ ఇరవై వోల్టుల మీద పెట్టకండి, పది మిల్లీవోల్టుల కంటే సన్నని తేడా అందులో కనపడదు. రెండు వేల మిల్లీవోల్టుల మీద పెట్టండి. పక్క పిన్నుకి తగలకుండా సన్నటి తీగ ముక్క ఒకటి సోల్డరింగ్ చేసుకుంటే చెయ్యి వణికినా భయముండదు.

అయితే చిన్నా, మీటరు మీద 780 అని వచ్చిందనుకో. అది మంచిదా చెడ్డదా? చెప్పలేవు కదూ! ఆ అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. ఒకే తయారీలోని రెండు మాడ్యూళ్లు కూడా ఒకే చోట ఒకే అంకె చూపించవు. ఒకదానికి సిగ్నల్ లేనప్పుడు 480 ఉంటే, పక్కదానికి 540 ఉండొచ్చు. అందుకని ముందు రెండు కొసలు పట్టుకోవాలి. ట్రాన్స్‌మిటర్ ఆపేసి, రిసీవర్‌కి కాసేపు వేడెక్కే వ్యవధి ఇచ్చి, అంకె రాసుకోండి. అది కింది కొస. తర్వాత ట్రాన్స్‌మిటర్‌ని గది అవతలి గోడ దగ్గర పెట్టి ఆన్ చేసి రాసుకోండి. అది పై కొస. అప్పుడు 780 అంటే కింది కొస నుంచి పై కొసకి ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. ఈ రెండు అంకెలూ రిసీవర్ వెనక కాగితం అంటించి రాసిపెట్టుకోండి. గాగుల్స్‌లో శాతాలు చూపించే మీటరు ఉంటే, దానికీ ఈ రెండు కొసలు నేర్పించాలి. నేర్పకపోతే ఖాళీ గాలిని చూసి కూడా ముప్పై శాతం అంటుంది.

ట్రాన్స్‌మిటర్ గురించి ఒక జాగ్రత్త. యాంటెన్నా బిగించకుండా దానికి ఎప్పుడూ కరెంటు ఇవ్వకండి. బయటికి పోవలసిన శక్తి దారి లేక వెనక్కి తిరిగి దాన్నే కాలుస్తుంది. బల్ల మీద గాలి తగలకుండా ఎక్కువసేపు ఆన్ చేసి ఉంచినా వేడెక్కి చస్తుంది. ఒక ఫ్యాను పెట్టండి.

అంకెలు ఎప్పటికప్పుడు రాసుకోవడం విసుగైతే, వాటిని తానే చదివే ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టుకోవచ్చు. మామూలు ఆర్డ్యునో తన అయిదు వోల్టుల్ని 1,024 ముక్కలు చేసి చూస్తుంది. ముక్క విలువ 4.9 మిల్లీవోల్టులు. మన ఆరు వందల మిల్లీవోల్టులకి దక్కేవి 120 మెట్లే. అదే 3.3 వోల్టుల్ని కొలమానంగా ఇస్తే 180 పైన మెట్లు దొరుకుతాయి. దాని లోపలే 1.1 వోల్టుల కొలమానం కూడా ఉంది, ఇంకా సన్నగా కొలుస్తుంది కానీ మీ పై కొస 1.1 దాటితే అక్కడే ఆగిపోతుంది. ముందు పై కొస చూసుకుని ఎంచుకోండి. ఒక్కసారి చదివి వదిలేయకుండా కొన్ని పదులసార్లు చదివి సగటు తియ్యండి, అంకె గంతులు మానుతుంది. ఛానెల్ మార్చాక కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆగండి. కొత్త ఛానెల్‌లో రిసీవర్ కుదురుకోకముందే అడిగితే అది చెప్పే జవాబులో సగం పాత ఛానెల్‌ది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. మిల్లీవోల్టుల్ని డెసిబెల్స్‌లోకి మార్చడం ఎలా? ఖరీదైన యంత్రాలున్నవాళ్లు వాటితో చేస్తారు. మన దగ్గర కోత కోసిన వరి చేను ఉంది. దూరం రెట్టింపైతే నాలుగో వంతు, నాలుగో వంతంటే 6 డెసిబెల్స్ అనుకున్నాం కదా. డ్రోనుని ఒక వెదురు గడ చివర కట్టి నిలబెట్టండి. రిసీవర్ ఇంకో గడ మీద. 5 మీటర్ల దగ్గర ఒక కొలత, తర్వాత 10, 20, 40, 80. మాటవరసకి 5 దగ్గర 900, 10 దగ్గర 840, 20 దగ్గర 780 వచ్చాయనుకోండి. రెట్టింపుకి 60 మిల్లీవోల్టులు దిగుతోంది. అంటే మీ రిసీవర్లో డెసిబెల్‌కి 10 మిల్లీవోల్టులు. అయిపోయింది! గడ, టేపు, మల్టీమీటరు పెట్టి ప్రకృతి చేతే మీటరుకి గీతలు గీయించారు. ఇంతకంటే ధర్మమైన తూకపురాయి ఎక్కడా దొరకదు.

కానీ చేలో ఒక చిత్రం చూస్తారు. రిసీవర్‌ని ఉన్నచోటే జానెడు పక్కకి జరిపితే అంకె దిగ్గున పడిపోతుంది, ఇంకో జానెడు జరిపితే మళ్లీ లేస్తుంది. అల పొడవు గుర్తు పెట్టుకోమన్నాను కదా. డ్రోను నుంచి ఒక అల తిన్నగా వస్తుంది, ఇంకొకటి నేలకో రేకుల షెడ్డుకో కొట్టుకుని వస్తుంది. రెండో దాని దారి 2.6 సెంటీమీటర్లు, అంటే సగం అల, ఎక్కువైందనుకోండి. ఒకటి ఎగసే వేళకి ఇంకొకటి కుంగుతుంది, రెండూ కలిసి చల్లారిపోతాయి. డాబా మీద మీ బొమ్మ ఉన్నట్టుండి చుక్కలై మళ్లీ వచ్చేస్తోందంటే, చాలాసార్లు కారణం ఇదే. అందుకని ఒకే బిందువు దగ్గర కొలిచి తీర్పు చెప్పకూడదు. రిసీవర్‌ని అటూ ఇటూ జానెడు మేర కదుపుతూ నాలుగైదు కొలతలు తీసి సగటు చూడాలి.

ఈ తిరిగొచ్చిన అలల పీడకి ఒక మందు ఉంది. నాలుగు ఆకుల పువ్వులా కనపడే గుండ్రటి యాంటెన్నాలు చూశారు కదా. అవి అలని మెలితిప్పుతూ పంపుతాయి, కొన్ని కుడి మెలి, కొన్ని ఎడమ మెలి. గోడకి కొట్టుకున్న అల మెలి తిరగబడుతుంది. కుడి మెలి యాంటెన్నా ఎడమ మెలి అలని పెద్దగా పట్టించుకోదు. దాంతో తిన్నగా వచ్చిందే నిలుస్తుంది. అయితే రెండు వైపులా ఒకే మెలి ఉండాలి సుమా. అక్కడ కుడి, ఇక్కడ ఎడమ పెట్టుకుంటే కొత్త యాంటెన్నాలు కొని మరీ బొమ్మ పోగొట్టుకున్నట్టే. ఒక వైపు మెలిది, ఒక వైపు పుల్లలాంటిది పెడితే సగం పోతుంది, అంటే 3 డెసిబెల్స్. అడ్డాల సంగతి కూడా మీటరుతోనే చూడండి. రిసీవర్ గుండెల దగ్గర పట్టుకుని డ్రోను వైపు వీపు తిప్పండి, అంకె గబుక్కున పడుతుంది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, 5.8 గిగాహెర్ట్జ్‌కి నీళ్లంటే గిట్టదు. వాన వెలిశాక తడిసిన మామిడిచెట్టు వెనక ఒకసారి, ఎండలో ఆరాక ఒకసారి కొలవండి. డాబా మీది నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్తే ఏమవుతుందో నేను చెప్పను, మీరే చూసి నాకు చెప్పండి.

ఇక అసలు సంగతికి వద్దాం, దీనికోసమే మిమ్మల్ని కూర్చోబెట్టాను. మీటరు నిండుగా ఉంది, బొమ్మ మాత్రం గీతలు గీతలు. ఇదెలా? తిరనాళ్లలో నువ్వు జనంలో నిలబడ్డావనుకో అమ్మడూ. నేను దూరం నుంచి నీ పేరు పెట్టి పిలుస్తున్నాను. నీ చెవిలో పడే చప్పుడు ఎంతో ఒక మీటరు చెప్తుంది. రంగులరాట్నం మైకు, బూరలవాడి బూర, డప్పులు, అన్నీ కలిపి మీటరు నిండిపోతుంది. అందులో నా పిలుపు ఎంత? మీటరుకి తెలియదు. అదే తెల్లారుజామున చెరువుగట్టు మీద నేను మెల్లిగా పిలిచినా నీకు వినపడుతుంది. అప్పుడు మీటరు కింద ఎక్కడో ఉంటుంది. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ కూడా అంతే. ఈ ఛానెల్‌లో మొత్తం ఎంత శక్తి వస్తోందో చెప్తుంది, అది ఎవరిదో చెప్పదు.

అందుకే ఎగరేసే ముందు మీ ట్రాన్స్‌మిటర్ ఆపి, ఒక్కో ఛానెల్‌కీ వెళ్లి ఖాళీ అంకె చూడండి. డ్రోను రేసుల వాళ్లు వాడే రేస్‌బ్యాండ్‌లో 5,658 మెగాహెర్ట్జ్ నుంచి 5,917 దాకా, 37 మెగాహెర్ట్జ్ ఎడంతో ఎనిమిది ఛానెళ్లున్నాయి. వైఫై రూటర్ల ఛానెళ్లు కొన్ని, 149 నుంచి 165 వరకూ, 5,745 నుంచి 5,825 మధ్యనే కూర్చుంటాయి. పక్కింటి రూటర్ అక్కడుంటే ఆ ఛానెల్‌లో కింది కొస లేచి కనపడుతుంది. వంటింటి మైక్రోవేవ్ వల్లేమో అంటున్నాడు చిన్నాడు. కాదు నాన్నా, అది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, దీని జోలికి రాదు. నిశ్శబ్దంగా ఉన్న ఛానెల్ ఎంచుకోండి, పక్కన ఇంకెవరైనా ఎగరేస్తుంటే వాళ్లకి దూరంగా ఉండే ఛానెల్ ఎంచుకోండి. ఇది మర్యాద కూడా. నువ్వు ఆన్ చేసిన ట్రాన్స్‌మిటర్ వల్ల గాల్లో ఉన్న వాళ్ల డ్రోను గుడ్డిదైపోవచ్చు.

ఈ అంకెతో ఎన్ని పనులు చేయించారో చూడండి. కొన్ని గాగుల్స్‌లో రెండు రిసీవర్లు, రెండు యాంటెన్నాలు ఉంటాయి. ఒకటి అన్ని దిక్కులూ చూసేది, ఇంకొకటి ముందుకే దూరంగా చూసేది. రెండింటి ఆర్‌ఎస్‌ఎస్‌ఐ పోల్చి, ఏ క్షణాన ఏది బలంగా ఉంటే దాని బొమ్మ తెర మీదికి పంపుతారు. ఇక్కడే ఇందాకటి కొసల మాట అక్కరకొస్తుంది. రెండింటి కొసలు సరిచూడకపోతే ఎప్పుడూ పెద్ద అంకె చెప్పే రిసీవరే గెలుస్తుంది, బొమ్మ ఓడిపోతుంది. డ్రోను రేసుల్లో చుట్టు చుట్టుకీ సమయం కొలిచేదీ ఇలాగే. రోటార్‌హజార్డ్ అనే ఉచిత ఏర్పాటు ఉంది. ఈ ఆర్‌ఎక్స్ 5808 మాడ్యూళ్లనే గేటు దగ్గర పెట్టుకుని, ఒక్కో పైలటు ఛానెల్‌నీ ఒక్కోటి చూస్తుంది. డ్రోను దగ్గరకొస్తుంటే అంకె లేస్తుంది, గేటు దాటేటప్పుడు శిఖరం, తర్వాత దిగుతుంది. ఆ శిఖరం ఎప్పుడొచ్చిందో అదే చుట్టు పూర్తయిన క్షణం.

ఇంకో ఉపయోగం నా కళ్లతో చూసింది. సంక్రాంతికి మీ పెద్ద బావ డ్రోను కంది చేలో పడిపోయింది. ఎత్తుగా, గుబురుగా ఉన్న చేను, ఎక్కడని వెతుకుతాం? బ్యాటరీ ఇంకా ఉంది కాబట్టి కింద పడినా అది బొమ్మ పంపుతూనే ఉంది. తెర మీద కంది ఆకులు, ఆకాశం ముక్క, అంతే. ఏ చేను చూసినా ఆ ఆకులే. రిసీవర్‌ని గుండెలకి ఆనించుకుని బావని నిలబడ్డచోటే మెల్లిగా చుట్టూ తిరగమన్నాను. ఒక వైపు తిరిగినప్పుడు అంకె అన్నిటికంటే కిందికి పడింది. అంటే డ్రోను సరిగ్గా వీపు వెనక ఉంది, ఒళ్లు అడ్డొచ్చింది. వెనక్కి తిరిగి గట్టు వెంట కొంత నడిచి మళ్లీ తిరిగాడు. రెండు చోట్ల నుంచి రెండు దిక్కులు దొరికాయి, అవి కలిసే చోట చేలోకి దిగాం. దగ్గరయ్యాక అంకె పై కొసకి వెళ్లి కదలకుండా కూర్చుంది. అప్పుడు రిసీవర్ యాంటెన్నా విప్పేశాం. సిగ్నల్ సన్నగిల్లి, మళ్లీ ఎక్కువ తక్కువలు తెలియడం మొదలైంది. సాలు పక్కన బోర్లా పడి దొరికింది. యాంటెన్నా విప్పింది రిసీవర్‌దని గుర్తుంచుకోండి, ట్రాన్స్‌మిటర్‌ది ఎప్పుడూ విప్పకూడదు.

మన దేశంలో డ్రోన్లకి 2021 నాటి నిబంధనలున్నాయి. 250 గ్రాముల లోపువి నానో తరగతి. బుల్లిదే కదా అని విమానాశ్రయాల దగ్గరా జనం మీదా ఎగరెయ్యకూడదు. సిగ్నల్ చాలట్లేదని పెద్ద ట్రాన్స్‌మిటర్ కొందామనే ఆలోచన కూడా ముందు పక్కన పెట్టండి. 25 మిల్లీవాట్ల నుంచి 100కి వెళ్తే పెరిగేది 6 డెసిబెల్స్. రిసీవర్‌ని డాబా గోడ మీదికి ఎత్తితే, యాంటెన్నాల మెలి సరిచూస్తే, ట్యాంకు చాటు నుంచి పక్కకి జరిగితే అంతకంటే ఎక్కువే దక్కవచ్చు, పైసా ఖర్చు లేకుండా. దక్కిందో లేదో మీ మల్టీమీటరే చెప్తుంది. కొలత చేతిలో ఉన్నవాడికి దుకాణంవాడి మాటతో పని తక్కువ.

ఇక లేవండి, రేపటికి సరంజామా చూసుకోండి. ఎండ ఎక్కకముందే చేలోకి వెళ్దాం. రెండు వెదురు గడలు, కొలిచే టేపు, మల్టీమీటరు, గళ్ల కాగితం. అమ్మడు దూరాలు చదువుతుంది, చిన్నాడు మిల్లీవోల్టులు చదువుతాడు, నేను చుక్కలు పెడతాను. రెట్టింపు రెట్టింపుకీ ఒకే మెట్టు దిగి చుక్కలన్నీ ఒక గీత మీదికి వస్తే, ముప్పై ఒక్క ఎకరాల లెక్క నిజమేనని మీ చేతులతో మీరు తేల్చుకున్నట్టు. ఏదో ఒక చుక్క గీత తప్పితే దాన్ని మాత్రం చెరిపెయ్యకండి. అక్కడ నేల మీంచి తిరిగొచ్చిన అల ఉందో, గట్టు మీది చెట్టు ఉందో, పక్క ఊరి రూటర్ ఉందో, ఏదో ఒకటి మనకి కొత్త సంగతి చెప్పడానికి కాచుకుని ఉంటుంది. ముందు దాని దగ్గరికే వెళ్దాం.